కొల్లేటి సీమలో మా క్రొత్త కాపురము



పుట్టినింటి గడప దాటి అత్తవారింట నడుగు పెట్టుట మన కందఱకును తెలిసిన ప్రయాణమే. దానికి ముహూర్తము కలదు, పాటలు కలవు, అప్పగింతల కన్నీరు కలదు. కాని క్రొత్తగా పెండ్లియైన యాలుమగలు ఇరువైపుల వారిని విడిచి, జీవనోపాధికై యెఱుగని రాష్ట్రమునకు పోయి కాపురము పెట్టుటకు పాటలు లేవు. పెట్టెలు సర్దుకొని రైలెక్కుటయే. ఈ దినములలో నట్టి ప్రయాణము చేయని కుటుంబము లరుదు. కావున మా కాపురపు ముచ్చటను, తాడేపల్లిగూడెము, ఏలూరు, కొల్లేటి ప్రాంతముల వృత్తాంతముతో కూర్చి విన్నవింప సాహసించుచున్నాను.

మాది బరంపురము; ఒడిశా రాష్ట్రమున గంజాము మండలములోని పట్టణము. మన దేశమునకు నాలుగవ రాష్ట్రపతియైన వి. వి. గిరిగారు 1894లో అచ్చటనే జన్మించిరి. మా యూరు పూర్వము మదరాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేఱు రాష్ట్రము కాగా దానిలో చేరినది. "మీ ముత్తాత గడప దాటకయే పరరాష్ట్రము చేరిన మహానుభావుడు" అని మా తాతగారు నవ్వుచుండెడివారు. బడిలో నేను చదివినది ఒడియా. ఇంట మాత్రము తాతగారు ప్రతి సాయంకాలమును దీపము పెట్టగానే నన్ను ప్రక్కను కూర్చుండబెట్టుకొని భారత భాగవతములను, కేతన దశకుమారచరిత్రమును చదివించిరి. కావున నాకు వచ్చిన తెలుగు సగము గంజాము వాడుక, సగము పుస్తకముల వాసన. ఈ రెండింటిలో నేదియు గోదావరిసీమలో చెల్లుబడి కాదని నాకప్పుడు తెలియదు.

2013 జూనులో మా వారికి తాడేపల్లిగూడెమున నొక పాఠశాలలో లెక్కలు చెప్పు నుద్యోగము దొరకినది. మాకు పెండ్లియై యప్పటికి ఏడు మాసములు. జీతము స్వల్పము. "ఒక్క యేడు చూతము. నీకు పొసగనిచో తిరిగి పోవుదము" అని మా వారు మాట యిచ్చిరి. ఆ మాటను కొంగున ముడివేసికొని బయలుదేరితిని. వెంట రెండు పెట్టెలు. ఒకదానిలో గిన్నెలు, బట్టలు. రెండవది రేకుపెట్టె, దానిలో తాతగారిచ్చిన పుస్తకములు, మా యమ్మ పెట్టిన రెండు బరంపురపు పట్టుచీరెలు. తాతగారు దానికి తమ చేతులతో కొబ్బరిత్రాడు బిగించి కట్టిరి.

రాత్రి యెక్కిన రైలు తెల్లవారి గోదావరి వంతెనమీదికి వచ్చెను. బండిలోని వారందఱు లేచి కిటికీలకు చేరి, చిల్లర నాణెములు నదిలో వేసి నమస్కరించిరి. నన్నయభట్టు భారతము నారంభించిన రాజమహేంద్రవరము వెనుకకు జరిగిపోవుచుండగా, తాతగారిని తలచుకొని నేనును చేతులు జోడించితిని. నిడదవోలు దాటినది మొదలు ఇరువైపుల కాలువలు, కొబ్బరిచెట్లు, అప్పుడప్పుడే పచ్చబడుచున్న ఆకుమళ్ళు. చూచుటకు కన్నులపండువే. కాని యా పచ్చదనములో నాకు తెలిసిన ముఖ మొక్కటియు లేదు.

స్టేషనుకు దూరముగాని పేటలో రెండుగదుల పెంకుటిల్లు దొరకినది. వచ్చిన నాడే రేకుపెట్టెను మంచముక్రిందికి త్రోసితిని. త్రాడు విప్పలేదు. ఏడాదికి మరల కట్టవలసినదేగదా యని నా తలంపు. మా వారు చూచిరి, ఏమియు ననలేదు.

మొదటి చిక్కు భాషతోనే వచ్చినది. తెలుగుదేశమునకు వచ్చితిమి, ఇంక భాషకు కొఱత యేమని యనుకొంటిని. ఇంటిగలామెను నేను పిన్నిగారని పిలుచుచుంటిని. ఒకనాడు ఆమె మనుమరాలు వాకిట నాడుకొనుచుండగా, "పిన్నిగారూ, ఈ గుంట ఎంత ముద్దుగా ఉందండీ!" అంటిని. ఆమె తటాలున కాలు వెనుకకు తీసికొని, "గుంటెక్కడుందమ్మాయ్?" అని నేల వెదకసాగిరి. మా వైపున గుంట యనగా ఆడుబిడ్డ, ఇక్కడ గొయ్యి. వీథివీథంతయు వారము దినములు నవ్వినది. పోనిమ్మని పుస్తకముల తెలుగులో "దయచేసి కూర్చుండుడు" అన్నచో, "హరికథేమన్నా చెప్తారా, మాస్టారమ్మగారూ?" అని మరల నవ్విరి. కూరలమ్మెడి ఆమెను "రేపు వంకాయలు తెస్తావా?" అని యడిగిన, ఉలిక్కిపడినట్లు "ఆయ్!" అనెడిది. ఏ పురుగు కుట్టినదో యని నేను కంగారుపడితిని. "ఆయ్" అనగా "అవునండి, అట్లే కానిండు" అని తెలియుటకు నాలుగు దినములు పట్టినది. ఆ యొక్క మాటలో నీ సీమవారి మర్యాద యెంత యిమిడియున్నదో తెలియుటకు మాత్రము చాల కాలమే పట్టినది. నవ్వువారిది తప్పు కాదు. కాని పగలు నేనును వారితో నవ్వి, రాత్రి గోడవైపు తిరిగి యేడ్చుచుంటిని.

అయినను దినములు ఊరకుండవు. వంట చేయవలెను, నీళ్ళు పట్టవలెను, అంగడికి పోవలెను. ఈ పనులలోనే నాకు తెలియకుండ కొన్ని చిన్న సుఖములు వచ్చి చేరినవి.

మొదటిది కాలువ. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట కాటను దొరగారి పూనికతో 1852 నాటికి పూర్తియైన దని మీరెఱుగుదురు. దాని పడమటి కాలువలలో నొకటియైన ఏలూరు కాలువ గూడెము మీదుగానే పోవును. ఎండకాలమున మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అడుగున బురద, పగుళ్ళు, చెప్పు జతలు, చిల్లికుండలు బయటపడును. జూనులో నీరు విడిచిన దినమున పిల్లలు నీటి మొగముతో పాటు గట్టున పరుగెత్తుదురు. పిన్నిగారు పసుపు కుంకుమలు నీటిలో వేసి, "వచ్చావా తల్లీ" అనిరి, ఊరినుండి వచ్చిన కూతురితో ననినట్లు. మే మావూరు చేరిన మొదటి వారమున నేను చూచిన వేడుక యదియే.

రెండవది ఉల్లిపాయల సంత. గూడెమున ఉల్లి వ్యాపారము పెద్దది. కర్నూలునుండియు, మహారాష్ట్రమునుండియు లారీలు వచ్చును. గాలి యటువైపునుండి వీచినప్పుడు వంట మొదలుపెట్టకయే పోపు వాసన! పాయ నెట్లు ఏరవలెనో పిన్నిగారు నేర్పిరి: మెడ సన్నముగా నుండవలెను, ఎండి యుండవలెను, బొటనవ్రేలితో నొక్కిన లోనికి దిగరాదు, పొర చేతికి రాలవలెను గాని తడిగా నంటరాదు. ఆ విధముగా నేరి తెచ్చి, వెదురుతట్టలో పలుచగా పఱచి, గాలి తగులుచోట నుంచినచో నెలదినములకును చెడలేదు.

మూడవది సాయంకాలపు నడక. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములు దిగుటకై వేసిన పొడుగాటి బాట యొకటి యూరి చెంత మిగిలియుండెను. యుద్ధము పోయినది, విమానములు పోయినవి, బాట ఊరివారికి షికారుచోటైనది. మా వారు బడినుండి వచ్చి కాఫీ త్రాగగానే ఇద్దఱమును అటు పోవుచుంటిమి. ఒక వేరుసెనగకాయల పొట్లము. ఆయన వొలుచుట, నేను తినుట. ఆ దినమున పిల్లలు లెక్కలలో చేసిన చిత్రవిచిత్రమైన తప్పులను ఆయన చెప్పుచుండగా చీకటిపడెడిది. అత్తవారింటను పుట్టినింటను పదిమంది నడుమ మేమిద్దఱము తీరికగా మాటలాడుకొన్నది లేదు. ఒకరి కొకరు పరిచయమైనది ఆ బాటమీదనే యని చెప్పవలెను.

నాలుగవది ఇచ్చిపుచ్చుకొనుట. పిన్నిగారు అల్లపు పచ్చడితో పెసరట్లు పంపిరి. ఉత్త గిన్నె తిరిగి పంపరాదుగదా! నేను మా వైపున చేయు పఖాళము పంపితిని. అన్నమును రాత్రి నీటిలో నానవేసి, ప్రొద్దుట పెరుగు కలిపి, ఆవాలు కరివేపాకు పోపు పెట్టి, వేయించిన వడియములతో తినుట. ఆమె రుచి చూచి, "ఇది మా చద్దన్నమే గదమ్మాయ్! పేరు మార్చుకొని వచ్చింది" అనిరి.

ఇవియే మా భోగములు. వీనినన్నిటిని కలిపినను ఒక పట్టుచీరె వెల కాదు. అయినను మంచముక్రింది పెట్టె త్రాడు మాత్రము విప్పబుద్ధి కాలేదు.

ఆ యేడు దసరా దినములలో ఫైలిన్ అను తుపాను పుట్టినది. అక్టోబరు 12వ తేదీ రాత్రి గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో నది గోపాలపురమువద్ద తీరము దాటెను. గోపాలపురము మా యూరికి సముద్రపు వాకిలి వంటిది. సందె వేళ మా యమ్మ ఫోను చేసి, "గాలి మొదలైందమ్మా, తలుపులు వేసుకున్నాము" అనెను. అంతటితో ఫోను మూగవోయినది.

మూడు దినములు మాట లేదు. రైళ్ళు నిలిచిపోయినవి. మా వారు పూట పూటకు స్టేషనుకు పోయి వట్టిచేతులతో వచ్చెడివారు. పిన్నిగారింట బొమ్మలకొలువు పేరంటము, నేను పోలేదు. పోకపోగా పేరంటాండ్రే తాంబూలములు చేత పట్టుకొని మా యింటికి వచ్చి చాపమీద కూర్చుండిరి. నా మాటలకు నవ్వినవారే యందఱును. ఆ దినములలో నెవ్వరును నవ్వలేదు. "ఆయ్" అను మాట తప్ప వేఱొకటి పలుకని కూరలామె మూడవనాడు తట్ట దింపి, గడపలో కూలబడి, "తవరు తినాలండి. తవరు పస్తుంటే అక్కడోళ్ళకి గాలి తగ్గుద్దా అండి?" అనెను. నేను తినువఱకు లేవలేదు. ఆ దినపు బేరము పోగొట్టుకొన్నది.

నాలుగవ నాడు తెలియని నంబరునుండి ఫోను వచ్చినది. తాతగారి గొంతు! 1999లో వచ్చిన మహాతుపానులో ఒరిస్సాలో దాదాపు పదివేలమంది మరణించిరి. ఆ గుణపాఠముచేత నీ సారి గాలి రాకమునుపే సుమారు పది లక్షలమందిని సురక్షితస్థలములకు తరలించిరి. కావున ప్రాణనష్టము మిక్కిలి తగ్గినది. మా వారందఱును క్షేమము. "పెంకులు లేచిపోయినవి. పనసచెట్టు పడినది. పుస్తకముల బీరువా తడిసి ముద్దయైనది. నీతో పంపినవే మిగిలినవి, తల్లీ. చదువుచున్నావా?" అని తాతగారడిగిరి. "చదువుచున్నాను, తాతయ్యా" అని బొంకితిని.

ఆ రాత్రి పెట్టె నీడ్చితిని. ముడి రాలేదు. మా వారు కత్తి తెచ్చిరి. "కోయవద్దండి" అని, గోళ్ళతో అరగంట కూర్చుండి విప్పితిని. భాగవతము పొడిగానే యున్నది. గజేంద్రమోక్షణము తెఱచి బిగ్గరగా చదువుచుండగా గోడకావల పిన్నిగారు వినిరట. మఱునాడు దీపాలవేళ ఆమెయు మఱి నలుగురును చాప తెచ్చుకొని వచ్చిరి. నా పుస్తకముల తెలుగునకు నా యూరిలో తాతగారు తప్ప శ్రోతలు లేకుండిరి, గూడెమున దొరకిరి. పద్యము నేను చదువుట, అర్థము చెప్పుట. నడుమ నడుమ "ఆయ్" అను ఊకొట్టు. కొబ్బరిత్రాడు పెరటిలో బట్టలు ఆరవేయుటకు కట్టితిని.

ఫాల్గుణమాసమున ఆ చాపమీది వారందఱమును కలిసి కొల్లేటికోటకు బయలుదేరితిమి. కొల్లేటి నడుమ నున్న యీ గ్రామమున వెలసిన పెద్దింట్లమ్మకు ఫాల్గుణమున జాతర జరుగును. బస్సులో భీమవరము, ఆకివీడు, ఆపైన పడవ. నేను కొల్లేటిని గూర్చి చాల ఊహించుకొంటిని. దండి దశకుమారచరితమున ఆంధ్రనగరముచెంత వర్ణించిన మహాసరస్సు ఈ కొల్లేరే యని పండితులు చెప్పుదురు. పైగా నేను చిలికను చూచి పెరిగినదానను. చిలికయన్న ఉప్పునీటి కడలి, కన్నుసాగినంత నీరే. ఇక్కడ చూడగా గట్లు, గట్ల నడుమ చేపల చెఱువులు, గుఱ్ఱపుడెక్క, అక్కడక్కడ తళుక్కుమను నీరు. "సరస్సెక్కడ?" అని యడిగితిని. ఎవ్వరును బదులు చెప్పలేదు.

పడవలో నా ప్రక్క నొక ముసలామె, ఒడిలో ఎండుచేపల బుట్టతో. కొల్లేట చేపలు పట్టి జీవించు వడ్డీల కుటుంబములోనిది. "మీదే ఊరండి?" అని యడిగెను. మరల నవ్వుదురని వెఱచుచునే, "బరంపురము, ఒడిశా" అంటిని. ఆమె మొగము వికసించినది. "ఒడ్డెదేశమా! మా పెద్దోళ్ళు గజపతిరాజు గారి దండుతో అక్కణ్ణుంచే వచ్చారంటారండి. అయితే తవరు మా పుట్టింటోళ్ళే!" అని నా చేయి పట్టుకొన్నది.

వచ్చిన తొమ్మిది మాసములలో నాకు పుట్టినింటివారు దొరకుట అదియే మొదలు. వారు నాకంటె ఎన్నో తరములు ముందుగా వచ్చినవారు!

కోట కథయు ఆమెయే చెప్పినది. లాంగూల గజపతి ఈ నీటి నడుమ కోట కట్టెనట. ముట్టడించిన శత్రువులు కొల్లేటి నీటిని సముద్రమునకు విడుచుటకై కాలువ త్రవ్వించిరట, అదియే యుప్పుటేరు. కార్యము సిద్ధించుటకై సేనాని తన కూతునే బలి యిచ్చెనట. అందుచేత దానికి పేరంటాలకనుమ యని పేరు. చరిత్ర యెంతయో, కల్పన యెంతయో! కాని కథలో ఆ కూతురి తలంపు నెవ్వరును అడిగినట్లు లేదు. "ఆ పిల్లను తలుచుకొని నీళ్ళలో ఒక పువ్వు వేస్తామండి" అని ముసలామె తన కొప్పులోని బంతిపువ్వు తీసి వేసినది. నేనును వేసితిని.

తిరుగుదారిలో కైకలూరు చెంత ఆటపాక పక్షులను చూచితిమి. గూడబాతులకై నీటిలో ఇనుపమంచెలు నిలిపినారు. వానిమీద కిక్కిఱిసి గూళ్ళు. బిడ్డలు తల్లి గొంతులోనికి తల దూర్చి చేపలు తినుట చూచి మాతో వచ్చిన పిల్లలు కేరింతలు కొట్టిరి. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1946లో కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గూళ్ళను కనుగొనెను. 1975 ప్రాంతమున నా గూళ్ళన్నియు మాయమైనవి. ఏండ్లు గడచిన పిమ్మట మరల వచ్చి, చెట్లు చాలనిచోట ఇనుముమీదనే కాపురము పెట్టినవి.

వేసవి వచ్చినది. మా వారు మాట యిచ్చిన యేడు నిండినది. బరంపురమున నొక బడిలో ఖాళీ యున్నదని కబురును వచ్చినది. "నీ మాటయే మాట" అని మా వారనిరి. నేను చాలసేపు ఊరకుండి, "కాలువకు నీళ్ళు విడుచు దినములు వచ్చినవి గదా. అది చూచి పోవుదము" అంటిని. ఆయన పకపక నవ్విరి. నేను పోనని నాకంటె ముందుగా ఆయనకే తెలిసినది. తాతగారికి ఫోనులో చెప్పగా క్షణకాల మూరకుండి, "మంచిది. పుస్తకములు జాగ్రత్త" అనిరి. ఆ క్షణకాలము ఇప్పటికిని నా చెవిలో నున్నది. సుఖము ఊరక వచ్చునని నేను చెప్పను. దానికి నేను చెల్లించిన వెల యదియే. తాతగారి కడపటి దినములలో నేను దగ్గఱ లేకుంటిని.

ఆ 2014 జూన్ 2వ తేదీననే తెలంగాణము వేఱుపడి, మేము క్రొత్తగా చేరిన రాష్ట్రమే తిరిగి క్రొత్తదైనది. గడప దాటకయే రాష్ట్రము మారిన మా ముత్తాతగారు జ్ఞప్తికి వచ్చిరి.

2017లో మా వారి యుద్యోగము ఏలూరునకు మారినది. నాకు బెంగ కలుగలేదు. ఏలయన గూడెమునుండి అదే కాలువ మాకు ముందుగా ఏలూరు చేరుకొన్నది. ఇక్కడ గోదావరి కాలువయు కృష్ణ కాలువయు కలియును. ఊరిలో తమ్మిలేరు, ఊరివెలుపల పన్నెండు కిలోమీటర్లలో వేంగీరాజుల పెదవేగి. పారసీకమునుండి వచ్చిన కుటుంబములవారు తరతరములుగా నేసిన ఉన్నితివాచీలకు ఈ యూరు పేరుపొందినది. వలస వచ్చినవారి పని ఊరికే పేరు తెచ్చినది! మనవంటి గృహిణులు ముఖ్యముగా తెలిసికొనదగినది మఱియొకటి కలదు: స్త్రీలకొఱకై వెలసిన 'హిందూసుందరి' పత్రిక 1902లో ఏలూరుననే ప్రారంభమైనది. కాలువగట్టున కూరలు తెచ్చుకొనుచు, నూఱేండ్లకు పూర్వము ఏ యింట ఏ యిల్లాలు దీపము ముందు ఆ పత్రిక విప్పెనో యని తలచుకొనుట నాకొక వినోదము.

ఇంక నొక మాట చెప్పక తీరదు. ఒక వేసవిలో పుట్టినింటికి పోయి, అమ్మతో చేపల సంతకు నడచితిని. మంచుముక్కల పెట్టెలనుండి బొచ్చెలు, శీలావతులు తీయుచు అమ్మువాడు "ఆంధ్రా మాఛ" యని యరచుచుండెను. కొల్లేటి ప్రాంతపు చెఱువుల చేపలు లారీలపై ఒడిశాకును, బంగాళమునకును పోవుట నేను కైకలూరు త్రోవలో చూచినదే. "అమ్మా, మన యూరి చేపలు!" అంటిని. అమ్మ నా వంక చూచి, "మన యూరేది?" అనెను. నేను నాలుక కఱచుకొంటిని.

అప్పుడు నాకు రెండు సంగతులు తెలిసినవి. ఒకటి, నేను కొల్లేటిదాన నైతిని. రెండు, కొల్లేరు చిక్కిపోవుటలో మా బరంపురపు పళ్ళెములకును వాటా యున్నది. 1970ల దశకమున బీద బెస్తవారి సంఘములకు జీవనాధారముగా చెఱువులు త్రవ్వించి యిచ్చిరి. లాభము చూచి ధనవంతులు చేరిరి; చెఱువులు సరస్సునే మ్రింగినవి. 1999లో ఐదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో 90,100 హెక్టారుల కొల్లేరు, చిలికకు 1981లో దక్కినట్లే, అంతర్జాతీయ రామ్‌సార్ జాబితా కెక్కినది. 2006లో అక్రమపు గట్లను పగులగొట్టించిరి. అటుపిమ్మట మరల గట్లు లేచినవి. పగులగొట్టినపుడు బీదవాని చెఱువును పోయినది. లేచినపుడు మాత్రము అందఱివియు లేవలేదు. ఇందులో నెవరిది తప్పని నేను తీర్పు చెప్పజాలను. చేపయు కావలెను, సరస్సును కావలెను.

సరస్సు కేవలము పక్షులకొఱకు గాదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వానలకాలపు నీళ్ళు వచ్చి కొల్లేట విశ్రమించి, మెల్లగా ఉప్పుటేటిగుండ సముద్రము చేరును. రెండు డెల్టాల నడుమ ఇది వరద దాచుకొను గాదె. గాదెలో గోడలు కట్టినచో గింజ యెక్కడ పట్టును? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినది. ఆ నీరే కొల్లేటికి దిగి లంకగ్రామములను చుట్టుముట్టినది. ఏలూరు కైకలూరు రోడ్డుమీదికి నీరెక్కినది. మా వీథి స్త్రీలము అన్నము వండి పొట్లములు కట్టితిమి. లంకనుండి బంధువుల యింటికి చేరిన యొక యిల్లాలు పొట్లము ముందుంచుకొని, మగనినుండి కబురు లేదని, ముట్టక కూర్చున్నది. నేనామె ప్రక్కను కూలబడి, "తవరు తినాలండి" అంటిని. ఆ మాట నాది కాదు. పదునొకండేండ్ల క్రిందట గూడెపు కూరలామె నాకిచ్చినది. ఆమె తినువఱకు నేను లేవలేదు.

క్రొత్త చోటికి పోవు చెల్లెండ్రకు నేను చెప్పగలిగినది స్వల్పము. ఆ యూరి గుళ్ళు గోపురములు తరువాత చూడవచ్చును. ముందుగా ఒక్క కూరలామెను, ఒక్క నడకదారిని, ఒక్క యిరుగింటిని ఎఱుగుడు. వచ్చిన గిన్నెను ఉత్తది పంపకుడు. మీ పుట్టినింటి మాటకు నవ్విన మీరును నవ్వుడు, కాని యా మాట విడువకుడు. పెట్టె త్రాడు మొదటి దినముననే విప్పుడు. చిన్న సుఖము లిచ్చిన చోటునకు మనము ఋణపడుదుము. ఆ చోటికి కష్టము వచ్చిననాడు ఆ ఋణము తీర్చుట కందుబాటులో నుండుడు.

మా యమ్మాయి ఏలూరుననే పుట్టి పెరుగుచున్నది. మొన్న అమ్మ ఫోను చేసి, "ఓ గుంటా, బేగి రా! అమ్మమ్మతో మాటాడవా?" అని పిలిచెను. అది పెరటిలో నాడుకొనుచున్నది. బంతి విడిచిపెట్టి పరుగున వచ్చి పలికినది:

"ఆయ్! వచ్చేశానండి, అమ్మమ్మా!"